మావగారి ఎండపెట్టె

ఇవాళ పొద్దున్న మా ఆయన సింకు పక్కనున్న ప్లగ్గులో టోస్టరు తీగ పెట్టీ పెట్టగానే ఆ ప్లగ్గు టప్పుమని ఆరిపోయింది. ఈ అమెరికాలో వంటింట్లోనూ స్నానాల గదిలోనూ గరాజ్‌లోనూ, తడి తగిలే అవకాశం ఉన్న ప్రతిచోటా ఈ రకం ప్లగ్గులే పెడతారు. మధ్యలో రెండు చిన్న బొత్తాలుంటాయి. కరెంటు తన దారిన తను పోకుండా కాస్త పక్కకి జారిందంటే చాలు, ఎవరూ చెప్పకుండానే అది ఆగిపోతుంది. బొత్తాం నొక్కి మళ్ళీ బతికించుకోవాలి. మా ఆయన ఆ బొత్తాం నొక్కుతూ "పిరికి ప్లగ్గు!" అని విసుక్కున్నారు. అని, నా మొహం చూశారు. ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ మాట ఆయన సొంతం కాదు, పిత్రార్జితం. రొట్టెల సంగతి మరిచిపోయి కాసేపు మా మావగారిని తలుచుకుంటూ కూర్చున్నాం.

మావగారు కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గోదావరి జిల్లాలో ఆయన స్తంభం పాతించని ఊరు లేదని గొప్పగా చెప్పేదీ మా అత్తగారే, అన్ని స్తంభాలు పాతించిన మనిషి సొంతింట్లో ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదని దెప్పేదీ మా అత్తగారే. వాళ్ళిద్దరూ ఆరు నెలలుందామని షామ్‌బర్గ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, మావగారు పెట్టె తెరిచి మొట్టమొదట బయటికి తీసింది టెస్టరు. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన వస్తువే. సన్నటి స్క్రూడ్రైవరు, పిడి లోపల చిన్న దీపం. కరెంటున్న చోట మొన ఆనించి, వెనక బొటనవేలు పెడితే ఎర్రగా వెలుగుతుంది. విమానంలో జేబులో పెట్టుకోనివ్వరని పెట్టెలో పడేశారట. దారి పొడుగునా జేబు బోసిగా ఉందని బాధపడ్డారట. ఇంటికి వచ్చాక కాఫీ అయినా తాగకుండా దాన్ని చొక్కా జేబులో తగిలించుకుని, అప్పుడు కూర్చున్నారు.

ఆ టెస్టరుకి ఒక నిత్యకృత్యం ఉండేది. అత్తగారు మిక్సీ ముట్టుకోబోయినా, ఫ్రిజ్ తలుపు తియ్యబోయినా, బట్టల మిషను దగ్గరికి వెళ్ళినా, మావగారు ఎక్కడున్నా లేచి వచ్చేవారు. టెస్టరు మొన దాని ఒంటికి ఆనించి, అరచెయ్యి అడ్డుపెట్టి చూసి, "ఊఁ, కానీ" అనేవారు. అప్పటిదాకా అత్తగారి చెయ్యి గాల్లోనే ఆగి ఉండేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటుట. నా మిక్సీ మీద నాకే నమ్మకం లేనట్టు ఇదేమి చాదస్తమని లోపల్లోపల చిరాకు పడేదాన్ని. పైకి అనేదాన్ని కాదు. అప్పటికి మా పెళ్ళయి పదిహేనేళ్ళు. మావగారి ముందు ఏది పైకి అనాలో ఏది మింగాలో తెలిసిన కోడల్నే.

అమెరికా కరెంటంటే ఆయనకి చిన్నచూపు. అక్కడ రెండొందల ముప్ఫై వోల్టులు, ఇక్కడ అందులో సగం. "ఇది కరెంటు కాదమ్మాయ్, చక్కిలిగింత" అనేవారు. టెస్టరు కూడా ఇక్కడ నీరసంగానే వెలిగేది. వెలుతురున్న గదిలో దాని దీపం కనపడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళు చికిలించాల్సి వచ్చేది. ఇంకా ఈ దేశంలో అన్నీ తలకిందులని ఆయనకి తెగ సరదా. బళ్ళు కుడివైపున నడుస్తాయి. స్విచ్చి కిందికి నొక్కితే ఆరుతుంది, పైకెత్తితే వెలుగుతుంది. రోజుకో తలకిందుల సంగతి కనిపెట్టి, సాయంత్రం కాఫీ దగ్గర మాకు వివరించేవారు. కనిపెట్టాల్సిన అసలు సంగతి ఒకటి మాత్రం మిగిలిపోయింది.

ఇలా ఉండగా అత్తగారికి గుమ్మడి వడియాల మీద మనసు పోయింది. ఇండియన్ స్టోర్‌లో బూడిద గుమ్మడికాయ కనపడటమే కారణం. మా అత్తగారి లెక్కలో వడియాలు మడితో పెట్టాల్సిన వస్తువు. అంటే తలారా నీళ్ళు పోసుకుని, ఎవరూ తాకని చీర తడితడిగానే చుట్టుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా, పని అయ్యేదాకా ఎవరినీ తాకకుండా, ఎవరిచేతా తాకించుకోకుండా ఉండాలి. అంత నిష్ఠగా ఇంటి వెనక చెక్క డెక్ మీద పరిచిన వడియాలకి మొదటి గంటలోనే ఉడతలు వచ్చాయి. ఇక్కడి ఉడతలు రాముడు వీపు నిమిరిన రకం కావు, పిల్లిపిల్లలంత ఉంటాయి. రెండు చేతులతో వడియం పట్టుకుని, మా కిటికీ వైపు చూస్తూ, తీరుబడిగా తిన్నాయి. పచ్చిమిరపకాయలు దట్టించిన వడియాలు! కంట నీరు పెట్టుకున్నది అత్తగారు గాని అవి కావు. రెండోసారి పెడితే వాన కురిసింది. మూడోసారికి పక్కింటావిడ వచ్చి, మేము పక్షులకి మేత పెడుతున్నామనుకుని, అలా పెడితే కాలనీవాళ్ళు ఊరుకోరని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళింది. అత్తగారు మిగిలిన పిండి గిన్నె ముందు పెట్టుకుని, "ఎండ లేని దేశంలో ఏం తింటారో ఏం బతుకుతారో" అని నిట్టూర్చారు. అప్పుడు మావగారు జేబులో టెస్టరు సవరించుకుని ఒక మాటన్నారు.

"ఇన్నాళ్ళూ ఊళ్ళకి చేశాను. ఇప్పుడు నీకొక్కదానికి చేసిపెడతాను. ఎండనే ఇంట్లోకి తెస్తాను, చూడు."

అత్తగారు నమ్మినట్టు లేదు. కానీ ఆ పూట ఆయనకి కూరలో ఇంకో గరిటె వేశారు.

మర్నాటి నుంచీ మా గరాజ్ కరెంటాఫీసయింది. నాలుగిళ్ళ అవతల ఎవరో ఫైళ్ళు పెట్టుకునే ఇనప బీరువా, నడుమెత్తుది, ఎవరైనా తీసుకుపోవచ్చని వీధి పక్కన పెట్టారు. మావగారు, మా ఆయన దాన్ని చెరోవైపు పట్టుకుని వీధిలో ఊరేగించుకుంటూ తెచ్చారు. సొరుగులు పీకేసి, కిటికీలకుండే దోమల జాలీలు నాలుగు లోపల అరల్లా అమర్చారు. వెచ్చదనానికి హెయిర్ డ్రయర్ కావాలి. అది కావాలని నన్ను అడగలేదు. నేనే మూడు రోజులు వెతుక్కుని, చివరికి గరాజ్‌లో దాని మూతి ఒక్కటీ ఒకచోట దొరికితే గుర్తుపట్టాను. గాలికి పాత కంప్యూటరులో ఫ్యాను, దానికో చిన్న అడాప్టరు. తీగ మాత్రం మరో ఇంటి చెత్తలోంచి వచ్చింది. గడ్డి కోసే మిషను తీగ. లోపల నలుపు, తెలుపు, ఆకుపచ్చ, మూడు తీగలూ శుభ్రంగా ఉన్నాయి గాని చివర ఉండాల్సిన మూడో పిన్ను, అదే ఎర్త్ పిన్ను, విరిగిపోయి ఉంది. మా ఆయన గుమ్మంలో నిలబడి భయపడుతూ, "నాన్నా, ఇది సర్టిఫైడ్ డివైస్ కాదు. ఫైర్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ రిజెక్ట్ చేస్తారు" అన్నారు. "నన్ను సర్టిఫై చేసింది గవర్నమెంటురా. నీ ఇన్సూరెన్స్‌వాణ్ణి వచ్చి నాతో మాట్లాడమను" అన్నారు మావగారు.

ఇక్కడ కథ ఆపి ఒక్క ముక్క చెప్పాలి. కరెంటు వచ్చే తీగని ఫేజు అంటారు, తిరిగి వెళ్ళే తీగని న్యూట్రల్ అంటారు. మొదటిది ముట్టుకుంటే ప్రాణం పోతుంది, రెండోది మామూలుగా ఏమీ చెయ్యదు. మావగారు పనిచేసిన చోట, పనిచేసిన కాలమంతా, ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. ఆయన చేతులకి కళ్ళు మూసుకున్నా అదే తెలుసు. అమెరికాలో నలుపే ఫేజు. తెలుపు న్యూట్రల్. ఆయన నలుపుని చూడగానే పాత చుట్టాన్ని చూసినట్టు ధైర్యపడి, మిగిలిన తెలుపే ఫేజు అయివుంటుందని తీర్మానించి, దానికి స్విచ్చి పెట్టారు. అంతటితో ఆగినా బాగుండేది. ఎర్త్ పిన్ను లేదు కదా. పల్లెల్లో ఎర్త్ లేని ఇళ్ళకి ఆ రోజుల్లో ఒక చిట్కా ఉండేదిట, మిషను ఒంటిని న్యూట్రల్ తీగకి కట్టెయ్యడం. పుస్తకాల్లో లేని చిట్కా, అయినా పని జరిగిపోయేది. ఆయన ఆ చిట్కా ప్రకారం నల్ల తీగని తీసుకెళ్ళి బీరువా ఇనప ఒంటికి మరతో బిగించారు. భార్యకి షాకు కొట్టకూడదనే అంత శ్రద్ధ. స్విచ్చి వేసినా వెయ్యకపోయినా, తీగ గోడకి తగిలించిన క్షణం నుంచి ఆ బీరువా ఒళ్ళంతా కరెంటే. అందులో చెయ్యి పెట్టేది ప్రపంచంలో ఒక్క మనిషి. తడిచీరతో, వట్టి కాళ్ళతో, సిమెంటు నేల మీద నిలబడి. ఈ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. చెప్పడానికి ప్రయత్నించినది ఒక్క ప్లగ్గే.

మొదటిసారి గరాజ్ గోడ ప్లగ్గులో తీగ పెట్టగానే టప్పుమంది. బొత్తాం నొక్కి మళ్ళీ పెట్టారు. టప్. మావగారికి కోపం వచ్చింది. "ఇదెక్కడి పిరికి ప్లగ్గర్రా! మనిషిని చూస్తేనే మూర్ఛపోతోంది!" అన్నారు. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో క్లాసు. పక్కన నిలబడి చూస్తున్నదల్లా, "తాతగారూ, అది ఊరికే ట్రిప్ అవదు. సమ్‌థింగ్ రాంగ్ ఉంది" అంది. "రాంగ్ ఉన్నది దాని గుండెలో తల్లీ" అన్నారాయన. ధైర్యం గల ప్లగ్గు కోసం గరాజంతా వెతికారు. కప్పుకి, తలుపు ఎత్తే మిషను పక్కన, ఒకటి దొరికింది. ఆ బొత్తాల గొడవ లేని పాత రకం ప్లగ్గు. తీగ అందేలా బీరువా కింద చెక్కలు వేసి ఎత్తుచేసి, స్టూలెక్కి తీగ పైన పెట్టారు. ఈసారి ఎవరూ టప్పుమనలేదు. ఫ్యాను తిరిగింది, వెచ్చటి గాలి వచ్చింది. మావగారు హవాయి చెప్పుల్లో నిలబడి, వీధి తలుపు ఎత్తిపెట్టిన ఆ ఎండ వెలుతురులో, బీరువాకి టెస్టరు ఆనించారు. దీపం కనపడలేదు. "ఊఁ" అన్నారు. మేము చప్పట్లు కొట్టాం.

శనివారం పొద్దున్న ప్రారంభోత్సవం. అందరూ ముట్టుకున్న బీరువా కాబట్టి ముందు పసుపునీళ్ళు చల్లి శుద్ధి చెయ్యాలని అత్తగారి షరతు. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పిండి గిన్నె, చీర అంచుల్లోంచి నీళ్ళు కారుతూ గరాజ్‌లోకి వచ్చారు. మేమందరం దారి వదిలి గోడలకి అతుక్కుపోయాం. సరిగ్గా అప్పుడే ఎదురింటాయన కుక్కని తిప్పుకుంటూ వెళుతూ చెయ్యెత్తి "హాయ్!" అన్నాడు. అత్తగారు చప్పున వెనక్కి తగ్గి, "ముందా తలుపు దించండిరా! తడిబట్టతో ఉన్న దాన్ని వీధిలో నిలబెడతారా?" అన్నారు. మా ఆయన బొత్తాం నొక్కారు. తలుపు గరగరలాడుతూ దిగింది. మా గరాజ్‌కి కిటికీ లేదు. తలుపు మిషనుకున్న బల్బు ఎప్పుడో మాడిపోయింది, దాన్ని మార్చాలని మా ఆయన ఏడాదిగా అనుకుంటున్నారు. దాంతో లోపల కన్ను పొడుచుకున్నా కనపడనంత చీకటయింది. మా ఆయన బద్ధకానికి నేను దణ్ణం పెట్టుకున్నది నా కాపురంలో ఆ ఒక్కరోజే.

"ఎవరైనా లైటు వెయ్యండి, నీళ్ళు చల్లాలి" అన్నారు అత్తగారు. "ఉండు, ఉండు" అన్న మావగారి గొంతు వినపడింది. "స్విచ్చి వెయ్యలేదులే, భయం లేదు. అయినా ఉండు." నిన్ననే చూసిన బీరువా, అయినా ఆవిడ ముట్టుకోబోతోంది కనక ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. అప్పుడు చీకట్లో, నడుమెత్తున, మినపగింజంత ఎర్రటి వెలుగు కనపడింది. అందరం చూశాం. ఒక క్షణం ఆరింది. ఇంకో మూల మళ్ళీ వెలిగింది. అక్కణ్ణించి పైకి వచ్చి, బీరువా పైఅంచు దగ్గర ఇంకోసారి వెలిగింది. గిన్నెకి చెంబు తగిలిన చప్పుడు వినపడింది.

"చెంబు దించు" అన్నారు మావగారు.

"ఏం? బల్లి గాని పడిందా?"

"దించవే!"

ఆయన ఆవిణ్ణి 'ఏవే' అనగా పదిహేనేళ్ళలో నేను వినలేదు. ఆ గొంతులో ఉన్న భయం మా ఆయనకి అర్థమయింది. "అమ్మా!" అని కేకేసి, చీకట్లో తడుముకుంటూ వెళ్ళి, ఆవిణ్ణి జబ్బ పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయారు. గిన్నె కిందపడింది. గోడ అవతల నుంచి అత్తగారి ఆర్తనాదం వినపడింది. "మడిరా! ఒరే, మడిరా!" తరవాత ఎంతసేపు చెప్పినా ఆవిడ దుఃఖం ఆగలేదు. "అత్తయ్యగారూ, మీరు బతికారు, అది చాలదా?" అన్నాను. "బతికానే తల్లీ, కాదనడం లేదు. పిండి మొత్తం పోయిందిగా!" అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ. చావు తప్పిన మనిషి ఎదట నవ్వకూడదని నాకు తెలుసు. తెలిసీ నవ్వాను. ఆ తరవాత స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

మా అమ్మాయి ఫోనులో బొమ్మ వెతికి తాతగారికి చూపించింది, నలుపు ఇది, తెలుపు ఇది అని. ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. "నలుపా" అన్నారు, అంతే. ఆ రోజు నుంచి మనిషి సగమైపోయారు. కాఫీ దగ్గర తలకిందుల సంగతులు ఆగిపోయాయి. టెస్టరు జేబులోంచి చెంచాల సొరుగులోకి చేరింది. లైటు వెయ్యాలన్నా నన్ను పిలిచి, "అమ్మాయ్, కాస్త నువ్వు వెయ్యి" అనేవారు. ఒక పొద్దున్న అత్తగారు పచ్చడి నూరబోతూ అలవాటుగా మిక్సీ మీద చెయ్యి ఆపారు. ఆయన ముందు గదిలో కూర్చుని ఉన్నారు, లేవలేదు. ఆవిడ చెయ్యి కాసేపు అలాగే ఆగింది. తరవాత ఆవిడే స్విచ్చి వేసుకున్నారు. నేను చిరాకుపడిన చాదస్తం లేకుండా పోతే ఇల్లు ఇంత వెలవెలబోతుందని నేననుకోలేదు. ఉండబట్టలేక ఆయన దగ్గరికి వెళ్ళి, "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది మావయ్యగారూ" అన్నాను. "మా లైన్‌మెన్లకి రోజూ చెప్పేవాణ్ణమ్మాయ్" అన్నారు, కిటికీలోకి చూస్తూ. "తెలియని తీగ జోలికి ఎవడూ వెళ్ళడర్రా, తెలిసిన తీగే చంపుతుంది అని. వాళ్ళకి చెప్పాను."

వాళ్ళు తిరిగి వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. ఆయన ఇలాగే విమానం ఎక్కితే, ఇంటికి వెళ్ళాక మళ్ళీ జీవితంలో టెస్టరు పట్టుకోరని నాకు తెలిసిపోయింది. అత్తగారికి నాకంటే ముందే తెలిసింది. ఒకరోజు భోజనాల దగ్గర, మజ్జిగ వడ్డిస్తూ, మామూలుగా అన్నారు. "ఆ పెట్టె విప్పి మళ్ళీ కట్టండి. రేపు మినప్పప్పు నానబోస్తాను."

"నా చేత్తో కట్టను."

"మరెవరి చేత్తో కడతారు? మీ అబ్బాయా? వాడు బల్బు మార్చడానికి వీడియో చూస్తాడు, చూశాక కూడా మార్చడు" అన్నారావిడ. మా ఆయన తల దించుకుని అన్నం కలుపుకున్నారు.

ఎలా ఒప్పించారో నాకు తెలియదు, ఆయన కట్టారు. మూడు పిన్నులూ ఉన్న కొత్త తీగ కొనుక్కొచ్చాం. మా అమ్మాయి ఫోనులో చూసి రంగు చెప్పడం, ఆయన రెండుసార్లు అడిగి బిగించడం. నల్ల తీగ కనపడ్డ ప్రతిచోటా ఎర్ర టేపు చుట్టారు, చేతులు మళ్ళీ మోసపోకుండా. ఎర్త్ తీగ, అదే ఆకుపచ్చది, దాన్ని బీరువా ఒంటికి కట్టారు. గోడనున్న పిరికి ప్లగ్గులోనే పెట్టమని ఈసారి ఆయనే అన్నారు. అది మాట్లాడకుండా ఊరుకుంది. తలుపు దింపించి, చీకట్లో మూలమూలా టెస్టరు ఆనించారు. ఎక్కడా వెలగలేదు. అయినా ఆయనకి ధైర్యం చాలలేదు. "ఇవాళ వద్దు, రేపు ఇంకోసారి చూస్తాను" అన్నారు. రేపయింది. "ఎల్లుండి చూద్దాం" అన్నారు.

ఎల్లుండి దాకా అత్తగారు ఆగలేదు. తలంటుకుని, తడిచీరతో, వట్టి కాళ్ళతో గరాజ్‌లోకి వచ్చేశారు. ఈసారి మా ఆయన ఆవిడకి దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. "ఉండు, ఉండు" అంటూ మావగారు జేబు తడుముకున్నారు. తియ్యబోతే టెస్టరు జారి కిందపడింది. అది వెతుక్కోడానికి ఆయన వంగారు. ఆయన లేచేలోగా అత్తగారు తడి అరచెయ్యి చాపి బీరువా మీద పూర్తిగా ఆనించారు. మావగారు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఆయన మెల్లగా లేచి నిలబడి తన మొహంలోకి చూసేదాకా అలాగే ఉంచారు.

"చల్లగానే ఉంది. స్విచ్చి వెయ్యండి, అవతల పిండి పులుస్తోంది" అన్నారు.

ఆయన స్విచ్చి వేశారు. వెంటనే అటు తిరిగి, ఎవరూ అడగని పెయింటు డబ్బాలు సర్దడం మొదలుపెట్టారు. వడియాలు ఎండాయి. వేయించినప్పుడు కాస్త హెయిర్ డ్రయర్ వాసన వచ్చాయని మా అమ్మాయి అంటే, ఎండ వాసన ఇలాగే ఉంటుందని అత్తగారు దబాయించారు. ఆ రోజు ఆవిడ చేసినది వట్టి మొండితనమని, టెస్టరు పెట్టేదాకా ఆగితే ఏం పోయిందని, నేను మా ఆయన దగ్గర చాలాకాలం సణిగాను. ఆవిడ ఎందుకు ఆగలేదో నాకు అర్థం కావడానికి ఇంకో పదిహేనేళ్ళ కాపురం పట్టింది.